ఆ శుక్రవారం నేను మోసిన ఉత్తరాలు

నేను ఒక మోడెంని. కంప్యూటర్‌కీ టెలిఫోన్ తీగకూ మధ్య కూర్చుని మెయిళ్లు మోసే నల్లటి పెట్టెని. ఏ దేశంలో పుట్టానో గానీ, పెరిగింది మాత్రం జగిత్యాల దగ్గర యాదగిరి టెలిఫోన్ బూత్‌లో. అక్కడ ఉన్నది ఒక్కటే లైను. నేను పలికితే ఫోన్ మూగబోతుంది, ఫోన్ పలికితే నేను మూగబోతాను.

యాదగిరి మర్యాదస్తుడు. వాడకట్టంతటికీ అతని మెయిల్ చిరునామాయే దిక్కు. సన్నబడే మందు అమ్ముతామనో, లాటరీ తగిలిందనో ముక్కూమొహం తెలియని విదేశీయులు రాస్తే, కూర్చుని అందరికీ జవాబిచ్చేవాడు. “ఉత్తరం రాసినోనికి జవాబియ్యకుంటె ఏం మర్యాద?” అనేవాడు. ఈ చిరునామాలో మనిషున్నాడని వాళ్లకు తెలిసిపోయింది. గోరంత చెత్త మెయిల్ కొండంతైంది. పెద్ద దేశాల్లో అదంతా దించుకోవడం రెప్పపాటు పని, నా సన్నటి తీగమీద గంటల చాకిరీ. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి లాగాలి.

లచ్చవ్వ మొగుడు మల్లేశం దుబాయిలో తాపీపని చేసేవాడు. సెలవు రోజని ప్రతి శుక్రవారం బూత్‌కి ఫోన్ చేసేవాడు. ఒక శుక్రవారం, కడుపులో నొప్పిగా ఉందని, ఆపరేషన్ ఉంటే వచ్చే వారం చెప్తానన్నాడు. ఆ వచ్చే శుక్రవారం లచ్చవ్వ పెందలాడే వచ్చి బల్లమీద కూర్చుంది. నేనేమో మెయిళ్లు లాగుతున్నాను.

“ఫోనస్తదేమో అన్నా, జర దాన్ని బంద్ జెయ్యి.”

“ఆగు చెల్లె. పెద్ద మెయిలే దిగుతున్నది. మల్లేశమే మెయిల్ పెట్టిచ్చిండేమో.”

ఆ మాటతో ఆమె నా ఎర్ర దీపాల వంక ఆశగా చూసింది. అవి ఆగకుండా మిణుకుమంటూనే ఉన్నాయి. చీకటి పడ్డాక లేచి వెళ్లింది.

ఆదివారం మల్లేశం గదిలో ఉండే గంగారాం ఫోన్ చేసి లచ్చవ్వను పిలిపించాడు. “ఆపరేషన్ల పాణం పోయింది చెల్లె. శుక్రారం లోపలికి తీస్కపొయ్యేదాక ఫోన్ చెవుకే పెట్టుకున్నడు. ఎంగేజే అచ్చింది.”

ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో పడి ఉన్నాను. ఆ మాట తలుచుకున్నా నాకేమీ అనిపించదు. మొద్దుబారిపోయాను.

ఆ రోజు లచ్చవ్వ కూడా ఏడవలేదు. ఫోన్ పెట్టేసి యాదగిరి ఎదుట కూర్చుంది.

“ఆ పొద్దు అచ్చిన ఉత్తరాలు ఏందన్నా?”

అతను కంప్యూటర్‌లో ఆ మెయిళ్లు తెరిచాడు.

“సదువు.”

సన్నబడే మందు గురించిన మెయిల్‌ని, ఎముకలు తేలిన లచ్చవ్వకు, యాదగిరి తెలుగులో చెబుతూ చివరిదాకా చదివాడు. ఆమె అంతా విన్నది.

“ఇంకోటి సదువు,” అన్నది.