గోడ దిగిన గొంగడి

పొద్దుట్నుంచీ శైలజ తన తల్లి గుర్వమ్మను హైదరాబాదులో రెండు గ్యాలరీలు తిప్పింది. మొదటిదాంట్లోనే గుర్వమ్మ ఒక బొమ్మను తడమబోతే కాపలాదారు కసిరాడు. అప్పట్నుంచి ఆమె చేతులు వెనక్కి కట్టుకునే నడిచింది.

సాయంత్రానికి పోచంపల్లి చేరారు. మర్నాడు మొదలయ్యే శైలజ ప్రదర్శనకు అక్కడి హాల్లో ప్రివ్యూ. ఆమె గీసిన బొమ్మల నడుమ గోడకు వేలాడుతోంది ఒక నల్ల గొంగడి. గొర్రెలు కాసి, పోయినేడు కన్నుమూసిన తండ్రి మల్లేశ్‌ది.

వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. గుర్వమ్మ కాసేపు చూసింది. ఇక ఉండబట్టలేక చరచరా వెళ్లి గొంగడిని దించి, దులిపి, నేల మీద పరిచేసింది.

"సుట్టాలొస్తే గొంగడి పరువాలె గని, గోడకు ఏలాడదీసి సూపిస్తరా? కూసోండ్రి!"

శైలజకు ఒళ్లు మండింది. ఎన్ని నెలల కష్టం! అరవబోయేంతలో ఒక పెద్దావిడ చెప్పులు విడిచి గొంగడి అంచున కూర్చుంది. ఆమె వెనుక ఇంకొకరు.

గొర్రెల వాసన గుప్పుమంది. చిన్నప్పుడు మంద వెంట వెళ్తే, తాను ఎండలో నిలబడి బిడ్డకు ఈ గొంగడే పరిచేవాడు తండ్రి. పక్కన బండ మీద గీసుకొమ్మని బొగ్గుముక్క ఇచ్చేవాడు. ఆయన రుణం చెప్పుకుందామనే కదా దీన్ని ఇక్కడికి తెచ్చింది!

"నువ్వు నిలబడ్డవేందే?" గుర్వమ్మ నట్టనడుమ ఖాళీని అరచేత్తో తట్టింది. "గిది నీ జాగ. మీ నాయిన గీడ ఇంకెవ్వర్ని కూసోనియ్యకపోతుండె."