అతుకు దగ్గర పూసలు

బానెట్ ముట్టుకోనేలేదని బావ ఒట్టు మీద ఒట్టు వేస్తున్నాడు. గ్యారేజీ నడిపే మరదలికి ఆయన ఒట్లు కొత్తేం కావు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు నల్లపొగ కక్కుతోందంటే, పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనట్టే. టర్బో నెట్టిన గాలి ఇంజిన్‌కి చేరకముందే ఎక్కడో జారుకుంటోంది. ఆమె గొట్టాల మీద సబ్బునీళ్లు చల్లింది.

"ఇప్పుడు తొక్కు బావా."

ఒక అతుకు దగ్గర బుడగలు పొంగాయి. అక్కడ ఉండాల్సిన ఇనుప క్లిప్పు లేదు. దాని బదులు ఊదారంగు జడ రబ్బరు చుట్టి ఉంది, పూసలతో సహా.

"కంపెనీవాళ్లే అలా ఇచ్చారేమో," అన్నాడు బావ, సీటులోంచి దిగకుండానే.

పక్కనే ఉన్న అక్క విరబోసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"పొద్దున దానికోసం నాతోపాటు మంచం కింద దూరి మరీ వెతికారు కదండీ."