కాకులకు తెలిసిన మొహం

మనుషులు మేలు మర్చిపోతారని అందరూ చెబుతారు గానీ, కాకులు కీడు మర్చిపోవన్న సంగతి పిచ్చుకని అడగాలి. సన్నగా, కాలు ఒకచోట నిలవకుండా తిరుగుతుందని అమ్మ చిన్నప్పుడు పెట్టిన పేరది. ముప్పై దాటినా అదే పేరు.

ఇవాళ కూడా మందులషాపు నుంచి వస్తుంటే వీధిలో కాకులన్నీ నెత్తిమీద చేరాయి. ఒకటైతే చున్నీ మీంచే టప్పున పొడిచింది. పక్కన నడుస్తున్న అమ్మ గొడుగు ఊపి తరిమి, "ఏం పాపం చేశావే వాటికి?" అంది.

ఏం చేసిందంటే, ఉద్యోగం చేసింది. పోయిన సీజన్‌లో పక్షుల మీద పరిశోధన చేసే సారు దగ్గర సహాయకురాలిగా చేరింది. వలేసి కాకిని పట్టాలి, కాలికి రంగు రింగు తొడగాలి, వదిలెయ్యాలి. తనని పట్టిన మొహాన్ని కాకి ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుందన్నది సారు పరిశోధన. అందుకే పట్టేవాళ్ళు రబ్బరు ముసుగు వేసుకోవాలని నియమం. కాకుల కోపమంతా ముసుగు మీదికి పోతుంది, మనిషి హాయిగా ఇంటికి పోతుంది.

తీరా మొదటిరోజే సారు ముసుగుల పెట్టెని ఎండలో, జీపులో వదిలేశాడు. రబ్బరు కరిగి ముద్దయిపోయింది. "ఈ ఒక్కరోజుకీ మొహంతోనే కానిచ్చెయ్యమ్మా," అన్నాడు. తను మాత్రం జీపు దిగలేదు, అద్దం కూడా దించలేదు. కొత్త ముసుగులొచ్చినా వాటి పెట్టె విప్పలేదు. "నీ మొహాన్ని భలే గుర్తుపడుతున్నాయి. మళ్ళీ మొదట్నించీ ఎందుకు?" అన్నాడు. అదేదో మెచ్చుకోలనుకుని మురిసిపోయింది వెర్రిది. సీజన్ అయిపోయింది, సారు మళ్ళీ ఈ వీధిలోకి రాలేదు. కాకులకి మాత్రం ఏ సీజనూ అవలేదు.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అంటారు. ఈ వీధి పిల్లకాకులకి అన్నీ తెలుసు. అప్పటికి గుడ్డులోంచి బయటికే రానివి కూడా పెద్దల్ని చూసి నేర్చుకుని ఇప్పుడు పిచ్చుకని తిడుతున్నాయి. డాబా మీద బట్టలారేసుకునే దిక్కు లేదు.

ఆ సాయంత్రమే సారు మళ్ళీ వచ్చాడు. టీ తాగుతూ, "ఈసారి పని చాలా తేలికమ్మా. వల కూడా ముట్టుకోనక్కర్లేదు. రోజూ వీధిలో అటూ ఇటూ నడువు. ఎన్ని తిడతాయో మేం రాసుకుంటాం," అన్నాడు.

పిచ్చుకకి ఒళ్ళు మండింది. "ఇవి ఇంకా తిడుతున్నాయని మీకు తెలుసా సారూ?"

"తెలియకేం? అదే కదా మన ఫలితం."

"ఎప్పటికి మర్చిపోతాయి?"

"బతికున్నంతకాలం మర్చిపోకపోవచ్చు," అన్నాడు చల్లగా.

"అయితే ఈసారి వల మీరు పట్టండి, ముసుగు లేకుండా. నేను జీపులో కూర్చుని రాసుకుంటాను."

"భలేదానివే. మా ఇల్లు పక్క వీధే కదా. మా పిల్లలు ఈ చెట్ల కిందనించే స్కూలుకి వెళ్ళాలి."

అమ్మ ఖాళీ కప్పు అందుకుంటూ, "మరి మా పిల్ల ఎక్కడ నడవాలి బాబూ, ఆకాశంలోనా?" అంది.

సారు సంచీ తీసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఎదురు చెట్టు నిండా కాకులు.

"నువ్వు కాస్త ముందెళ్ళి ఆ మలుపుదాకా నడువమ్మా. అవి నీ వెంట పడతాయి, నేను జీపెక్కేస్తాను. ఇద్దర్నీ కలిపి చూశాయంటే నన్నూ నీ జట్టే అనుకుంటాయి."

ఏం మనిషయ్యా బాబూ! పోనీలే అనుకుని సర్దుకుపోదామన్న ఆలోచన ఏ మూలో ఉంటే అదీ పోయింది. పిచ్చుక చున్నీ తీసి మేకుకి తగిలించింది. సారు మణికట్టు పట్టుకుంది. కాకిని ఎలా పట్టాలో నేర్పింది ఆయనే: గట్టిగా, కానీ నొప్పి పుట్టకుండా. అలాగే పట్టుకుని నడివీధిలోకి తీసుకెళ్ళింది.

కాకులు లేచాయి. సారు సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిచ్చుక రెండో చేత్తో ఆ సంచీని కిందికి దించింది.

"బాగా చూసుకోండి," అంది చెట్టు వైపు తలెత్తి. "పిల్లల్ని కూడా పిలుచుకోండి. నాచేత మిమ్మల్ని పట్టించింది ఈయనే."