బెంగళూరమ్మ

రాయచెర్లులో రంగక్క తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది. మొగుడు బోరన్న గొర్రెలను తోలుకుపోయాక సంగటి కెలికి దించేది. అప్పటికి ఎండ గడప దాకా వచ్చేది. చాటలో శెనక్కాయలు పోసుకుని ఆమె వాకిట్లో కూర్చోగానే చుట్టూ నీడ పడేది. పెద్ద వేపమాను కింద ఉన్నంత చల్లటి నీడ. ఆమె లేచి ఇంకో చోట కూర్చుంటే నీడ కూడా అక్కడికే వచ్చేది.

ఊరి పొలాలు సోలారు కంపెనీకి ఇచ్చి, గట్ల మీది చెట్లు కొట్టేసిన ఏడు నుంచి అలా ఉంది. ఆ చెట్ల నీడకు ఇంకో తావు దొరక్క రంగక్క దగ్గరికి వచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు. చంటిపిల్లల్ని తెచ్చి అక్కడ పడుకోబెట్టేవాళ్ళు. లాక్‌డౌన్ వచ్చాక ఆశా కార్యకర్త మంజుశ్రీ ఆ నీడలో సుద్దముక్కతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కరే కూర్చోవాలని గట్టిగా చెప్పి పోయింది. బడి లేదు కాబట్టి పొద్దున్నే పిల్లలు వచ్చి గుండ్రాలన్నీ పట్టేసుకునేవాళ్ళు.

ఆ నీడలోకి అడుగు పెట్టనిది సుధామణి ఒక్కతే.

సుధామణి రంగక్కకు తోడికోడలు, బోరన్న తమ్ముడు శివరాజు భార్య. నాలుగేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాం బెంగళూరు పోయారు. ఆమె గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరింది, అతను టెంపో తోలేవాడు. చూసుకునే దిక్కు లేక అప్పటికి మూడేళ్ళున్న కూతురు వర్షిణిని, పిల్లల్లేని రంగక్క దగ్గర వదిలారు. పండక్కి వచ్చి రెండు రోజులుండి పోయేవాళ్ళు. ఈసారి ఉగాదికి వచ్చిన రోజే దేశమంతా మూసేశారు. సుధామణికి మొదట సంతోషమే వేసింది. నాలుగేళ్ళలో ఎన్నడూ దొరకనన్ని రోజులు బిడ్డతో ఉండొచ్చు అనుకుంది.

మూడో రోజు వర్షిణి పక్కింటి అక్షతకు ఆమెను చూపిస్తూ అంటుంటే విన్నది.

"ఈమె మా బెంగళూరమ్మ. మాయమ్మ ఆడ కూర్చోనుండాది."

రంగక్క అక్కడి నుంచే పిల్లను దిద్దింది. తను పెద్దమ్మనని, అమ్మ సుధామణేనని చెప్పింది. వర్షిణి తలూపింది, కాసేపటికి మళ్ళీ అదే మాట అంది. పిల్ల అన్నదానికంటే రంగక్క దిద్దడమే సుధామణికి ఎక్కువ మండింది. అమ్మ అనే పేరు తనదే అయినా, దాన్ని రంగక్క అడుక్కునేదానికి బిచ్చం వేసినట్టు వేసిందనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె కన్ను అన్నిటి మీదా పడింది. రంగక్క జడ వేస్తే పిల్ల కదలకుండా కూర్చునేది. తను దువ్వెన పట్టుకుంటే నొప్పి అనేది. ఫోనులో బొమ్మలు పెడితే ఒడిలోకి వచ్చేది, ఛార్జ్ అయిపోగానే దిగి నీడలోకి పరిగెత్తేది. సుధామణి ఎండలోనే గడప మీద కూర్చుని చూసేది. నీడలోకి రమ్మని రంగక్క రోజూ పిలిచేది. చెమటలు కారుతున్నా తనకు ఎండ అలవాటేనని చెప్పేది.

ఒకరోజు ఆమె తన పట్టుచీర కత్తిరించింది. అక్షత వాళ్ళమ్మ దగ్గర కుట్టు మిషన్ అడిగి తెచ్చి వర్షిణికి గౌను కుట్టింది. ఫ్యాక్టరీలో ఆమె నాలుగేళ్ళుగా కుట్టింది ఒట్టి కాలర్లే. అందుకని కాలర్ కొలిచినట్టు వచ్చింది, చేతులు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి అయినాయి. అయినా వర్షిణి మురిసిపోయి వేసుకుంది. వేసుకుని సీదా రంగక్కకు చూపించడానికి పోయింది. మీయమ్మ ఎంత బాగా కుట్టిందో అని రంగక్క మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే సూది దారం తీసి, పిల్ల ఒంటి మీదే ఆ చెయ్యి సరిచేయసాగింది.

సుధామణి నీడ అంచు దాకా వచ్చి ఆగింది.

"దాన్నెందుకు ముట్టినావక్కా? వంకరుంటే వంకరదే ఏసుకుంటాది," అంది. "ఊరంతా నీ కాడికే వస్తాది. ఇంత నీడుండాది నీకు. నాకుండేది అదొక్కటే. అదీ నీకే కావాల్నా?"

పిల్లలు ఒక్కొక్కరే గుండ్రాల్లోంచి లేచి ఇళ్ళకు పోయారు. అక్షత వర్షిణిని కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. రంగక్క మిగిలిన దారం చుట్టింది. సూదిని కొంగుకు గుచ్చుకుంది.

"చెట్లు కొట్టినప్పుడు రాలేదు సుధా ఈ నీడ," అంది. "మీరు పిల్లను ఇడిసి బస్సెక్కిన పొద్దు వచ్చినాది. అది బస్సు ఎనకాల పరిగెత్తి పరిగెత్తి, రోడ్డు మీదనే పండుకొని ఏడ్సినాది. ఎత్తుకోబోతే గీరినాది. ఇంగ చేసేదేమీ లేక ఎండకు అడ్డం నిలబడినా. పొద్దు గుంకేదాకా నిలబడినా. అప్పటికి ఇంత నీడ అయింది. నీ బిడ్డ కోసం వచ్చినాది కాబట్టి, నువ్వు బిడ్డను తీస్కపోతే అదీ పోతాది."

ఆగి, నెమ్మదిగా అంది. "బెంగళూరు బస్సు హారన్ ఇన్నప్పుడల్లా నాకు గుండె దడ. నువ్వు కన్నావు, నేను కనలేదు. నిన్ను సూసి నేనూ ఓర్సుకోలేకుండా ఉండా."

ఆ మాటలన్నిటిలో సుధామణి మనసులో నిలిచిపోయింది ఒక్కటే. తీసుకుపోతే నీడ పోతుంది. మిగిలిన రోజులన్నీ ఆమె ఆ ఒక్క మాట పట్టుకునే గడిపింది. జడ వేస్తున్న రంగక్క చేతులు చూస్తున్నప్పుడల్లా ఆ మాట గుర్తు చేసుకునేది, కొంచెం చల్లబడేది.

మే నెల చివర్లో బస్సులు మొదలయ్యాయి. సోమవారానికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. వర్షిణి కూడా తమతో వస్తుందని సుధామణి చెప్పింది. ఆడ ఎవరు చూసుకుంటారని శివరాజు నసిగాడు. వదిన ముఖం చూడలేక తల దించుకున్నాడు. రంగక్క పిల్ల బట్టలు మడిచి బ్యాగులో పెట్టింది. పిల్లకు ఎండ తగలకుండా బస్సాగే చోటు దాకా తనూ వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా సోలార్ ప్లేట్లు మెరుస్తున్నాయి. శివరాజు, వర్షిణి రంగక్క నీడలో నడిచారు. సుధామణి పక్కనే ఎండలో నడిచింది.

నాలుగు రోజులు బెంగళూరు చూసి వద్దామని చెప్పారు కాబట్టి వర్షిణి సంబరంగా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. సుధామణి కిటికీలోంచి వెనక్కి చూసింది. ఇది చూడాలనే ఇన్నాళ్ళుగా కాచుకుంది.

నీడ ముందు అంచుల్లో పలచబడింది. తర్వాత తడి నేల ఆరినట్టు నాలుగు వైపుల నుంచీ లోపలికి తగ్గుతూ వచ్చి, రంగక్క కాళ్ళ దగ్గర మామూలు మనిషి నీడంత మిగిలింది. రంగక్క కళ్ళు చికిలించింది. కొంగు తల మీదికి లాక్కోబోయింది గానీ, నాలుగేళ్ళుగా ఆ అవసరం లేక చేతికి కొంగు దొరకలేదు. గాల్లో వెతుక్కుంటూ అలాగే నిలబడింది.

సుధామణికి సంతోషం వేసింది. అది ఒక్క క్షణం ఉంది. తర్వాత, బస్సు ఆపమని కండక్టరుకు చెబుతున్న తన గొంతు తనకే వినిపించింది. శివరాజు కంగారుగా లేచాడు. నువ్వు పో, నేను ఫోన్ చేస్తాను అని అతనికి చెప్పి, పిల్లనూ బ్యాగునూ దించుకుంది.

వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా రంగక్క కదల్లేదు.

"ఏం మర్సిపోయినారు?" అని అడిగింది.

"ఏమీ లేదక్కా. ఎండ జాస్తి ఉండాది. ఇంటికి పోదాం పా."

వర్షిణి ఉరికి పోయి రంగక్క చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీద మళ్ళీ నీడ పరుచుకుంది. ఆ చేతిని చూస్తే సుధామణికి ఎప్పటిలాగే గుండెలో భగ్గుమంది, ఏమీ తగ్గలేదు. అలా మండుతుండగానే బ్యాగును ఇంకో భుజానికి మార్చుకుని, మొదటిసారి ఆ నీడలోకి అడుగుపెట్టి వాళ్ళ వెనకే నడిచింది.