కదిలే వెలుగు వైపు

పడవల రేవు గోడ మీద మా అక్కను దయ్యంగా బొమ్మ గీస్తున్నారని తెలిసిన రోజే అమ్మ ప్రయాణం కట్టింది.

అక్క ఉన్న విమానం కూలిన ఆ చిత్తడి నేల చుట్టూ చాలా ఏళ్ళుగా కథలు తిరుగుతున్నాయి. యూనిఫాం వేసుకున్న ఎయిర్ హోస్టెస్ ఒకతె దీపం పట్టుకుని రెల్లు మధ్య నడుస్తుందట, పడవలను పిలుస్తుందట. ఆ విమాన సిబ్బందిలో ఆడపిల్ల మా అక్క ఒక్కతే. ఇన్నాళ్ళూ అమ్మ విననట్టే ఊరుకుంది. కుండ మూతికి మూకుడు ఉంటుంది గానీ లోకం మూతికి ఉండదు అనేది. కానీ బొమ్మ వేరు.

"అది చెరిపేదాకా అక్కడి నుంచి కదలను," అంది. ఏళ్ళ తరబడి ఆస్పత్రి వార్డులో నర్సుగా చేసిన మనిషి. మొండి రోగుల చేత మందు మింగించిన గొంతు అది.

నాకు అంత తెగువ లేదు. దయ్యంగానైనా అక్క ఎక్కడో ఉందన్న ఊహ నాకు లోలోపల ఓదార్పుగా ఉండేది. ఓదార్పు ఇచ్చేదంతా నిజం కానక్కరలేదని చదివాను. చదవడం వేరు, నమ్మడం వేరు.

రేవులో రేకుల షెడ్డు, డీజిల్ వాసన, తాళ్ళ చుట్టలు, తీగ మీద ఆరేసిన లైఫ్ జాకెట్లు. గోడ మీద సగం పూర్తయిన బొమ్మ: తెల్లగుడ్లు, తడి జుట్టు, చేతిలో లాంతరు. నిచ్చెన మీద కుంచెతో ఉన్నవాడు పడవల యజమాని అల్లుడు. పడవెక్కే యాత్రికులకు ఆ దయ్యం కథ చెప్పేదీ అతనే.

"బాబూ, ఆ ముక్కు ఎవరిది?" అంది అమ్మ.

"దయ్యానిదండీ."

"అంత చక్కని ముక్కు మా పెద్దదానికి లేదు. దానికి నా ముక్కే వచ్చింది. ఇటు చూసి గీయి."

అతను మారు మాట్లాడకుండా నిచ్చెన దిగాడు. లోపలి నుంచి అతని మామ వచ్చాడు. ఒకప్పుడు ఆ నీళ్ళలోనే రెల్లు కోసి బతికినవాడు.

"అమ్మా, మీ అమ్మాయి గురించి మేం చెడుగా ఏమీ చెప్పడంలేదు. ఆమె అంటే మాకు భయం, భక్తి."

"ఆ రెండూ పక్కన పెట్టు. నువ్వు చూశావా, మీ అల్లుడుగారిలా విన్నది చెప్తున్నావా?"

"ఈ కళ్ళతో చూశానమ్మా." అతని గొంతులో కొంచెం గర్వం ఉంది. "విమానం పడ్డ రాత్రీ, ఆ మర్నాటి రాత్రీ. పొగమంచులో వెలుగు ఊగింది. మూడుసార్లు ఊగేది, ఆగేది. మళ్ళీ మూడుసార్లు. ఆ తర్వాతి రాత్రి రాలేదు."

అమ్మ నన్ను లాక్కుని బల్ల మీద కూర్చుంది. ఆ మూడు ఊపులు ఏమిటో నాకూ తెలుసు. శిక్షణ రోజుల్లో అక్క వంటింట్లో లైటు ఆర్పి టార్చితో అదే సాధన చేసేది. మూడు ఊపులు, విరామం, మూడు ఊపులు. ఆపదలో ఉన్నామని చెప్పే సైగ. "నా కళ్ళలో కొట్టకే, పాలు పొంగిపోతున్నాయి," అని అమ్మ కసురుకునేది.

అందరూ కూలిన క్షణంలోనే పోయారని విచారణ సంఘం చెప్పింది. పొగమంచు విడిచి హెలికాప్టర్లు అక్కడికి చేరేసరికి రెండు రాత్రులు గడిచాయి.

"మరి వెళ్ళలేదేం?" అంది అమ్మ.

"ఎలా వెళ్తామమ్మా? రెల్లు కోసేవాడికి మొదట నేర్పేదే అది. కదిలే వెలుగు వైపు పడవ తోసే గెడ వేయకూడదు. బురదలోంచి గ్యాసు లేచి మండుతుంది. కొరివి దయ్యం అంటాం. నమ్మి వెళ్ళినవాడు ఊబిలో దిగిపోతాడు. మా పెదనాన్న అలాగే పోయాడు. ఇక విమానం పడిందని తెలిశాక అనుమానమే లేదు, చచ్చినవాళ్ళే పిలుస్తున్నారనుకున్నాం."

"గ్యాసుకి లెక్కపెట్టడం వచ్చా?" అంది అమ్మ.

మామ వేళ్ళ మీద మూడు దాకా లెక్కపెట్టి ఆగాడు. కుంచెలోంచి రంగు అల్లుడి చెప్పు మీద కారుతోంది.

మా అక్క చనిపోయి దయ్యం కాలేదు. బతికుండగానే అయింది. దయ్యం అన్నది చనిపోయినవారి పేరు కాదేమో. దగ్గరికి వెళ్ళకూడదని మనం నిర్ణయించుకున్నవారికి పెట్టే పేరేమో. ఆ పేరు పెట్టాక చేయి అందించనక్కరలేదు, భయపడితే చాలు.

"బొమ్మ చెరిపేస్తానమ్మా," అన్నాడు అల్లుడు మెల్లగా.

"పొద్దున్నయితే సరిపోయేది. ఇప్పుడు చాలదు. చిన్నదానా, లే. పడవ ఎక్కుదాం."

"ఇంటికి పోదామమ్మా," అన్నాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"అది అడుసులోనే ఉండిపోయిందే. నా కాళ్ళు శుభ్రంగా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

సాయంత్రం పడవ నిండా యాత్రికులు. మామే ఇంజను నడిపాడు. ఊబికి హద్దుగా నీళ్ళలో వరుసగా పాతిన గుంజల దగ్గర, రోజూ ఆపే చోటే ఇంజను ఆపాడు. అల్లుడు గొంతు తగ్గించి కథ ఎత్తుకోవలసిన సమయం. అతను తల వంచుకుని కూర్చున్నాడు.

"కానీవయ్యా," అంది ఒకావిడ. "దయ్యం ఎటు నుంచి వస్తుంది?"

అమ్మ లేచి నిలబడింది.

"ఆ దయ్యం నా కూతురు. కథ నేను చెప్తాను. విమానం కూలాక అది బతికే ఉంది. రెండు రాత్రులు టార్చి ఊపింది, సాయం కావాలని. చూసినవాళ్ళు ఉన్నారు. వెళ్ళినవాళ్ళు లేరు. అయిపోయింది కథ."

వెనక నుంచి ఒకాయన, "అయితే దయ్యం లేదంటారా?" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"లేదు. దయ్యమైతే ఎవరూ వెళ్ళనక్కరలేదు. మనిషి కాబట్టే వెళ్ళాల్సింది." అమ్మ ఇంజను దగ్గరున్న ముసలాయన వైపు తిరిగింది. "పద, ఆ వెలుగు ఊగిన చోటికి."

"ఆ గుంజలు దాటి ఏ పడవా పోదమ్మా."

"ఊబి పడవను మింగుతుందా?"

"పడవను మింగదు. కానీ..."

"కానీ?"

అతను రెల్లు వైపు చూశాడు. "అక్కడేం లేదమ్మా. నీళ్ళే."

"నీళ్ళే కదా అని ఆ రాత్రి ఎందుకు అనుకోలేదు?"

"మామయ్యా, వద్దు," అన్నాడు అల్లుడు.

ముసలాయన ఇంజను ముట్టుకోలేదు. వంగి అడుగునుంచి గెడ తీశాడు. దాన్ని బురదలో దింపి రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు, తోయలేదు. తెలియనిదాని భయం కాదది. ఇన్నేళ్ళ తర్వాత తెలిసినదాని భయం. వెళ్ళి అతని పక్కన నిలబడి నేనూ గెడ పట్టుకున్నాను. పడవ గుంజల మధ్య నుంచి దూరింది. రెల్లు రెండు వైపులా ఒరుసుకుంటోంది.

"కూర్చోండమ్మా, పడిపోతారు," అని ఎవరో అన్నారు.

అమ్మ కూర్చోలేదు.