గుర్రపుడెక్క తీసిన నాలుగు రోజులు

హేమశ్రీ తెచ్చిన ఫారం మీద సంతకం పెట్టనని గున్నేశ్వరరావు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

నిడదవోలులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు అడిగింది చిన్న విషయం కాదు. పల్లెటూళ్ల పిల్లల్ని వేరే దేశంలోని పల్లెటూళ్లకు పంపే కార్యక్రమం ఒకటి వాళ్ల కాలేజీకి వచ్చింది. అక్కడ ఒకరింట్లో ఉంటూ మూడు వారాలు ఆ ఊరికి పనికొచ్చే పనేదైనా చెయ్యాలి, చేస్తూ నేర్చుకోవాలి. ముందు వియత్నాం నుంచి ఆరుగురు ఇక్కడికి వస్తారు. వానాకాలంలో ఇక్కడి ఆరుగురు అక్కడికి వెళ్తారు. నూట ఎనభై మంది రాస్తే ఎంపికైన ఆరుగురిలో హేమశ్రీ ఉంది.

"చదువుకోడానికి వెళ్తానంటే ఆలోచిస్తాను. పరాయి దేశం పోయి చాకిరీ చేసి రావడమేంటి? ఇక్కడ పనుల్లేవా?" అన్నాడు గున్నేశ్వరరావు.

హేమశ్రీ ఏడవలేదు, అన్నం మానెయ్యలేదు. ఫారం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. భార్య అమ్మణ్ణి మాత్రం మర్నాడు కాఫీ ఇస్తూ అంది: "పోనీ వచ్చే పిల్లల్లో ఒకమ్మాయిని మనింట్లో పెట్టుకుందామండి. మన ఊళ్లోనే పని చేస్తారంట. ఎలాంటి వాళ్లో చూద్దాం." రెండిటికీ కాదనడం బాగుండదని దానికి సరేనన్నాడు.

అలా ఫిబ్రవరి మొదటి వారంలో లాన్ అనే వియత్నాం అమ్మాయి గున్నేశ్వరరావు ఊరు గంగోలుపాడుకి వచ్చింది. పంతొమ్మిదేళ్లు. బక్కపల్చగా, ఎండకు కమిలిన మొహంతో ఉంది. అరిచేతులు కాయలు కాసి ఉండడం అమ్మణ్ణి అన్నం వడ్డిస్తూ చూసింది. మెకాంగ్ నది సముద్రంలో కలిసే చోట వాళ్ల ఊరట. రెండెకరాలు వరి, వానల్లేని నెలల్లో అదే మడిలోకి ఉప్పునీళ్లు పెట్టి రొయ్యలు. ఇంగ్లీషు హేమశ్రీకి వచ్చినంతే వచ్చు. ఇద్దరికీ మాట దొరకనప్పుడు ఫోను తెలుగులోకి మార్చి చెప్పేది. ఆ ఫోను మాట్లాడే తెలుగు పాఠ్యపుస్తకంలా ఉండేది. "గౌరవనీయులైన పినతండ్రీ, నేను క్షేత్రమునకు రావచ్చునా?" అని మొదటి రోజు పొద్దున్నే అది అడిగేసరికి గున్నేశ్వరరావుకి నవ్వాగలేదు.

"రామ్మా," అన్నాడు.

దాళ్వా వరి, అంటే రెండో పంట, పిలకలు వేస్తున్న రోజులు. లాన్ గట్టు మీద చెప్పులు విడిచి, అడగకుండానే మడిలోకి దిగింది. నాలుగడుగులు వేసి ఒక దుబ్బు దగ్గర కూర్చుంది. నడిమి ఆకు పసుపెక్కిన పిలకనొకదాన్ని పట్టుకుని లాగితే చేతిలోకి ఊడి వచ్చింది. గోటితో కాండం చీల్చి, లోపలి సన్నని తెల్లపురుగును అరచేతిలో పెట్టి చూపించింది. కాండం తొలిచే పురుగు. గున్నేశ్వరరావు రోజూ ఆ గట్టు మీదే నడుస్తున్నాడు, గమనించలేదు. ఆ సాయంత్రమే పురుగుమందుల కొట్టుకెళ్లి, మగ రెక్కపురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు తెచ్చి మడిలో పాతాడు. ఇంటికొచ్చి, "ఆ పిల్ల రైతు బిడ్డే," అన్నాడు భార్యతో. అతని నోట అది పెద్ద మెప్పు.

మూడో రోజు పని మొదలైంది. ఊరి అంగన్‌వాడీ భవనానికి రంగులు వెయ్యాలి. కార్యక్రమం నడిపించే రాజమండ్రి సంస్థ తరఫున రమేష్ బాబు డబ్బాలు, బ్రష్షులు, టోపీలు, ఒక పెద్ద బ్యానరు తెచ్చాడు. నిచ్చెన అడిగితే గున్నేశ్వరరావు ట్రాక్టరులో వేసుకొచ్చాడు. మనవాళ్లు ఆరుగురు, వాళ్లు ఆరుగురు టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగారు.

లాన్ బ్రష్షు పట్టుకోలేదు. గోడ దగ్గరికెళ్లి గోటితో గీకింది. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద పసుపు. అంగన్‌వాడీ టీచరు సత్యకుమారిని చూసి, ఇదేమిటన్నట్టు చేత్తో సైగ చేసింది.

సత్యకుమారి నవ్వింది. "ఏటా ఎవరో ఒకళ్లు వచ్చి వేస్తారండి. పోయినేడు ఆకుపచ్చ వేశారు. బానే ఉంది కదా, మళ్లీ ఎందుకని ఎవర్నడుగుతాం?"

హేమశ్రీ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. లాన్ తల ఊపి, ఆ పూటంతా మిగతావాళ్లతో పాటు గోడ గీకింది.

సాయంత్రం గున్నేశ్వరరావు వెంట మళ్లీ పొలానికొచ్చింది. ఈసారి అతని మడుల దగ్గర ఆగకుండా కాలువ గట్టు పట్టుకుని ఇంకా ముందుకు నడిచింది. అరకిలోమీటరు పోయాక రోడ్డు కింద తూము. తూముకు ఇవతల కాలువ కనిపించడం లేదు. గుర్రపుడెక్క మీద మనిషి నడిచిపోవచ్చేమో అన్నంత దట్టంగా అల్లుకుని, ఊదారంగు పూలు పూసి ఉంది. అవతల బుల్లబ్బాయి చేను. నేల నెర్రెలిచ్చి, వరి చివుళ్లు మాడి ఉన్నాయి. బుల్లబ్బాయి ఒక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గున్నేశ్వరరావుకి వరసకు బావ.

"ఏంటి బావా, ఈ వారం వంతుక్కూడా నీళ్లు రాలేదా?" అన్నాడు గున్నేశ్వరరావు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తూము దాటితే కదా వచ్చేది," అన్నాడు బుల్లబ్బాయి.

లాన్ ఫోను తీసింది. "ఉపరి భాగమున జలము కలదు. ఇక్కడ ఎందుకు లేదు?" అంది ఫోను.

"కాలువ బాగు చెయ్యాల్సింది గవర్నమెంటమ్మా. అర్జీలు పెట్టాం," అన్నాడు గున్నేశ్వరరావు.

"ఎన్ని సంవత్సరములు?"

"మూడు."

ఆ 'మూడు' అన్న మాట తన నోట్లోంచి వచ్చాక గున్నేశ్వరరావుకి ఎందుకో సిగ్గేసింది. గుర్రపుడెక్క పేరుకున్నది అతని పొలం దాటాక, దిగువన. నీళ్లు అతని మడి దాకా వస్తూనే ఉన్నాయి. అందుకే మూడేళ్లు అతనికి అది పక్కవాడి కష్టంగానే ఉంది.

మర్నాడు నిచ్చెన మీదికి ఎవరూ ఎక్కలేదు. లాన్, హేమశ్రీ ముందు నిలబడ్డారు. వెనక మిగతా పదిమంది.

"ప్లాన్లో పెయింటింగే ఉందమ్మా," అంటున్నాడు రమేష్ బాబు. "కాలువంటే పాములుంటాయి, జలగలుంటాయి. రేపు ఎవరికైనా ఏదైనా అయితే ఎవరు సమాధానం చెబుతారు? పైవాళ్లకి ఫొటోలు పంపాలి నేను."

లాన్ చెప్పవలసింది చెప్పేసినట్టుంది. హేమశ్రీ మాట్లాడింది. ఇంటికి చుట్టాలొస్తే గుమ్మం వెనక నిలబడే పిల్ల.

"సార్, సెలక్షన్ రోజున మీరే చెప్పారండి. ఊరికి ఏం కావాలో ఊరిని అడిగి చెయ్యాలని. మనం ఎవర్నడిగామండి? మా ఊరు నాకే తెలీదని నిన్న రాత్రి లాన్ కాలువ ఫొటో చూపిస్తే తెలిసింది. రోజూ బస్సులో ఆ తూము మీద నుంచే వెళ్తున్నానండి నేను. గోడకి రంగు వేసి వెళ్లిపోతే వీళ్లు ఇంత దూరం వచ్చి మన దగ్గర ఏం నేర్చుకున్నట్టు? రేపు నేను అక్కడికెళ్తే ఏం చేస్తానండి, ఇంకో గోడకి రంగా?"

గొంతు వణుకుతోంది, కానీ మాట ఆగలేదు. ట్రాక్టరు మీద కూర్చున్న గున్నేశ్వరరావు కూతుర్ని ఆ వేళ కొత్తగా చూశాడు. తను సంతకం పెట్టనన్నాడు. వెళ్లడం ఖాయమైనట్టే మాట్లాడుతోంది పిల్ల.

రమేష్ బాబు చెడ్డవాడు కాదు. కాసేపు నుదురు రుద్దుకుని, పక్కకెళ్లి ఫోన్లు చేసి వచ్చాడు. "ఊరి పెద్దవాళ్లు ఒకరిద్దరు దగ్గరుండాలి. మోకాళ్ల దాకా బూట్లు లేనిదే ఎవరూ దిగకూడదు. బూట్లు నేను తెప్పిస్తాను," అన్నాడు.

మధ్యాహ్నానికి బూట్లు వచ్చాయి. పిల్లలు కాలువలోకి దిగారు. లాన్ పొడవాటి నైలాను తాడు తెచ్చి ఆకుల గుంపు చుట్టూ వలలా తిప్పింది. రెండు కొసలూ ఒడ్డు మీదికి అందించి లాగమంది. ఆరుగురు లాగారు. కదల్లేదు. పన్నెండు మందీ లాగారు. తాడు జారి అందరూ వెల్లకిలా పడ్డారు. గట్టు మీద చేరిన జనం నవ్వి, ఫోన్లలో వీడియోలు తీశారు. అమ్మణ్ణి మాత్రం ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడింది, జలగ పడితే వెయ్యడానికి.

మళ్లీ లాగారు. మళ్లీ పడ్డారు. హేమశ్రీ మొహమంతా బురద.

"కొయ్యకుండా లాగితే ఎలా వస్తుందమ్మా!" అని అరిచాడు గున్నేశ్వరరావు గట్టు మీంచి. "దాని వేళ్లు ఒకదానికొకటి జడల్లా అల్లుకుంటాయి. ముందు ముక్కలు చెయ్యాలి!"

హేమశ్రీ వెనక్కి తిరిగి చూసింది. "ఎలాగ నాన్నా?" అంది.

ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగింది. గున్నేశ్వరరావు చుట్టూ చూశాడు. చెప్పడానికి ఇంకెవరూ లేరు. లుంగీ ఎగ్గట్టి, వెదురు గెడకు కొడవలి కట్టించుకుని కాలువలోకి దిగాడు. తన తండ్రి రోజుల్లో ఊరంతా కలిసి చేసిన పని. గెడతో నీళ్లలోపల వేళ్లను కోసుకుంటూ పోయి, మంచమంత ముక్కను విడదీశాడు. లాన్ దాని చుట్టూ తాడు వేసింది. లాగారు. ముక్క మొత్తం బురద కారుతూ గట్టెక్కింది.

లాన్ రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. ఏ భాషో ఎవరికీ అక్కర్లేకపోయింది.

కొయ్యడం ఇక్కడి పద్ధతి, తాడుతో లాగడం అక్కడి పద్ధతి. రెండూ కలిశాక పని చురుకైంది. సాయంత్రానికి బుల్లబ్బాయి ఇంకో గెడ తెచ్చుకుని దిగాడు. రెండో రోజు పదిహేను మంది వచ్చారు. మూడో రోజు ఎవరు పిలిచారో తెలియదు, నలభై మంది పైనే ఉన్నారు. ఆడవాళ్లు గట్టు మీద కుప్పల్ని ఎరువు గోతులకు మోశారు. సత్యకుమారి అంగన్‌వాడీ నుంచి పెద్ద గిన్నెలు తెచ్చి పులిహోర కలిపింది. రమేష్ బాబు బ్యానరు కట్టడం మర్చిపోయి, ప్యాంటు మడిచి తాడు పట్టుకున్నాడు.

నాలుగో రోజు తూము బయటపడింది. నోట్లో విరిగిన సిమెంటు పలక, దాని వెనక ఇసక బస్తాలు. ఏ వరదప్పుడో వేసి మర్చిపోయినవి. ఇది పిల్లలు చేసేది కాదని వాళ్లను గట్టెక్కించి గున్నేశ్వరరావు, బుల్లబ్బాయి నడుం లోతు నీళ్లలో గునపాలు పట్టారు. రెండు గంటలు పట్టింది. పలక పక్కకు ఒరిగాక నీళ్లు ముందు బుడగలు వేశాయి, తర్వాత గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేసి, ఒక్క ఉదుటున అవతలికి దూకాయి.

బుల్లబ్బాయి గునపం అక్కడే వదిలేసి, తన చేలోకి వెళ్లి, నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. పిల్లలు దగ్గరికి వెళ్లబోతే గున్నేశ్వరరావు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

మర్నాడు పొద్దున్న గట్టు మీద లాన్‌ని అడిగాడు. ఫోనుకి కాదు, హేమశ్రీకి చెప్పి అడిగించాడు. "మీ నాన్న నిన్నెలా పంపించాడు? భయం వెయ్యలేదా ఆయనకి?"

లాన్ ఇంగ్లీషులో చెప్పింది. హేమశ్రీ తెలుగులో చెప్పింది: "పంపలేదంట నాన్నా. రెండు నెలలు మాట్లాడలేదంట. ఎయిర్‌పోర్టుకి వాళ్లమ్మే వచ్చిందంట. ఇక్కడికొచ్చాక రోజూ ఫొటోలు పెడుతుంటే చూసేవాడు కానీ పలికేవాడు కాదంట. నిన్న కాలువ వీడియో పెడితే మాత్రం ఫోన్ చేశాడంట."

"ఏమన్నాడంట?"

"ఆ గెడ పట్టుకున్నాయనని చూపించమన్నాడంట."

లాన్ అప్పటికే ఫోను కలిపింది. తెర మీద ఎండకు నల్లబడ్డ మనిషి, తల మీద శంకువులాంటి ఆకుల టోపీ, వెనక ఉప్పునీళ్ల రొయ్యల మడి. ఆయన వంగి, వలతో నాలుగు రొయ్యలు తీసి చూపించాడు. గున్నేశ్వరరావు ఫోను పుచ్చుకుని మడిలోకి దిగి తన వరి దుబ్బు చూపించాడు. ఆయన వేళ్లు విప్పి ఏదో అడిగాడు. పిలకలెన్నని అడిగాడనుకుని గున్నేశ్వరరావు లెక్కపెట్టి, పద్దెనిమిదని వేళ్లతో చెప్పాడు. ఆయన బొటనవేలు ఎత్తాడు. ఆ మాటలు పావుగంట సాగాయి. పిల్లలిద్దరూ గట్టు మీద కూర్చుని నవ్వుకున్నారు.

ఇంటికొచ్చాక గున్నేశ్వరరావు కాళ్లు కడుక్కుని, "ఆ ఫారం ఇటు తే," అన్నాడు. హేమశ్రీ పరుగున తెచ్చింది. పెన్ను మూత తీశాడు. "అక్కడ ఎవరైనా రంగు డబ్బా చేతికిస్తే ముందు గోడ గీకి చూడు," అని సంతకం పెట్టాడు. అమ్మణ్ణి లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది.

ఆగస్టులో హేమశ్రీ వెళ్లింది. మూడు వారాలు లాన్ వాళ్లింట్లో ఉంది. వానలకు ఉప్పు కొట్టుకుపోయిన మడుల్లో వాళ్లతో కలిసి నాట్లు వేసింది. నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచే పరికరం వాడడం నేర్చుకుంది. వస్తూనే దిగువ ఊళ్ల రొయ్యల చెరువుల పక్క పొలాల్లో నీళ్ల ఉప్పు కొలవడం మొదలుపెట్టింది. కాలేజీ నుంచి నలుగురైదుగురు ఆమె వెంట తిరుగుతున్నారు. మాట్లాడమంటే ఇప్పటికీ గొంతు వణుకుతుంది. అయినా మాట్లాడుతుంది.

గంగోలుపాడులో తొలిపంట సార్వాకి ముందొకసారి, దాళ్వాకి ముందొకసారి ఇంటికొకరు కాలువలోకి దిగుతున్నారు. రానివాళ్ల ఇంటికి బుల్లబ్బాయి స్వయంగా వెళ్లి, "ఆయ్, మీకోసవే చూస్తన్నావండి," అని గుమ్మంలో కూర్చుంటాడు.

తర్వాతి బ్యాచ్ రావడానికి నెల ముందే రమేష్ బాబు వచ్చాడు. చేతిలో ప్లాను లేదు. పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, "మీ ఊరికి ఏం కావాలండి?" అని అడిగాడు. శ్మశానం దారన్నారు ఒకరు, బడికి మరుగుదొడ్లన్నారు ఇంకొకరు, రేవు మెట్లన్నారు ఆడవాళ్లు. గొంతులు పెరిగాయి. ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. గున్నేశ్వరరావు వెనక బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. ఇన్నేళ్లలో తమనెవరూ ఈ మాట అడగలేదు కదా, అందుకే అన్నీ ఒక్కసారే బయటికొస్తున్నాయి అనుకున్నాడు. లేచి, ముందు ఆడవాళ్లను చెప్పనివ్వమన్నాడు.