కత్తిరింపు బల్ల దగ్గర చోటు

మా కోడలు దర్జీ. గుడ్డ మీద కత్తెర పెట్టిందంటే మళ్లీ వెనక్కి తియ్యదు. పిల్లల్ని బడి మానిపించడమూ అలాగే చేసింది.

"ఆ బడిలో అరుపులు తప్ప అక్షరాలు లేవత్తయ్యా. నా పిల్లలకు నేనే చెప్పుకుంటా" అంది.

మా అబ్బాయి లారీ దిగి ఇంటికొచ్చేసరికి గోడ మీద పట్టిక తయారుగా ఉంది. "నీ ఇష్టం" అన్నాడు వాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాడికి నోటికొచ్చిన మాట అదొక్కటే.

పట్టిక మాత్రం చూడముచ్చటగా ఉండేది, చదవడం రాని నాకు కూడా. పొద్దున కొలతల టేపుతో లెక్కలు, ఆ తర్వాత చదవడం, అన్నాలయ్యాక బొమ్మలు గీయడం, సాయంత్రం ఆట. ఆవిడకు మిషను ఆపే తీరిక లేదు కదా, అందుకని ఒక పద్ధతి పెట్టింది. పెద్దాడు దొరకు తను చెబుతుంది. దొర తన చెల్లెలు చిలకకు చెప్పాలి. చిలక ఆఖరిదైన గువ్వకు చెప్పాలి. కిందివాళ్లు తప్పు చదివితే పైవాళ్లకు ఆ సాయంత్రం ఆట ఉండదు.

పెద్దవాళ్లిద్దరూ బడికెళ్లి అక్షరాలు దిద్దినవాళ్లే. గువ్వ బడి గడప తొక్కింది లేదు. దానికి మొదటిరోజే చెప్పేసింది వాళ్లమ్మ: "నెలాఖరుకు ఒక పేజీ చదివావా, బల్ల దగ్గర నీ చోటు నీదే. లేదా, పనిలో పెడతా. ఊరికే కూర్చోబెట్టడానికి నువ్వేం మిగులు గుడ్డవా?"

గుడ్డలు కత్తిరించే ఆ వెడల్పాటి బల్లే వాళ్ల బడి. అక్కడ కూర్చోవడమంటే గువ్వకు సింహాసనమెక్కినట్టే. తెల్లారి అందరికంటే ముందు అదే ఎక్కి కూర్చునేది. ఇంటికంతా ఒకటే వాచకం. చిలక దాన్ని తన ముందు పెట్టుకునేది, గువ్వ బల్లకు ఆవలి వైపు నుంచి చూసేది.

"మొద్దూ! నిన్న నీ మూలంగా ఆట పోయింది నాకు."

"గిచ్చకే అక్కా, చదువుతున్నాగా."

"అమ్మతో చెప్పావో, ఈసారి గిచ్చను. గుండుసూది ఉంది."

సూది మాట ఉత్తుత్తి బెదిరింపు కాదు. స్నానం చేయిస్తుంటే దాని మోకాలి పైన ఎర్రటి చుక్కలు చూశాను నేను. కోడలికి చూపిస్తే, "చదువు ఊరికే వస్తుందా అత్తయ్యా" అని మిషను తొక్కింది.

నెలాఖరొచ్చింది. కోడలు వాచకం తెరిచి గువ్వ చేతికిచ్చింది. పిల్ల దాన్ని ఒక క్షణం చూసి, కింది అంచు పైకొచ్చేలా తిప్పి పట్టుకుంది. దొర పగలబడి నవ్వాడు. "అమ్మా, దీనికి తలా తోకా తెలీదు!"

కోడలు పుస్తకం లాక్కుని సరిగ్గా పట్టించింది. గువ్వ మొదటి వరుస మీద వేలు పెట్టింది. ఒక్క అక్షరం రాలేదు.

"అక్క దగ్గర ఇలా ఉండదమ్మా" అంది ఏడుపు గొంతుతో.

నాకు తట్టింది. "అమ్మాయ్, దాన్ని ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోబెట్టి చదివించవే" అన్నాను.

"మీకు ఏది పైనో ఏది కిందో తెలిసినట్టే!" అంది. అన్నా, పంతానికి వాళ్లెవరూ చదవని వెనకపేజీ తీసి తలకిందులుగా పెట్టింది. గువ్వ వేలు పెట్టి చదివింది. నక్క గురించి, బావి గురించి, ఎక్కడా తడబడకుండా చదివేసింది. చదివి, మెప్పు కోసం వాళ్లమ్మ ముఖంలోకి చూసింది.

చిలక తల దించుకుంది. తప్పు పిల్లది కాదనీ, కూర్చోబెట్టిన తీరుదనీ కోడలికి అర్థమైంది. అర్థమైనట్టు ఆవిడ ముఖమే చెప్పింది. అయితేనేం, తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"లోకమంతా నీకోసం పుస్తకాలు తిప్పి పట్టుకుంటుందటే? మళ్లీ అ ఆల నుంచి ఎవరు మొదలెడతారు? నా పట్టికలో ఖాళీ లేదు" అంది. సుద్ద తీసుకుని గువ్వ గళ్లన్నీ కొట్టేసింది. కుర్చీ తీసి మూల పెట్టింది.

"చదివానుగా అమ్మా?"

"చదివావులే. ఆ దారప్పోగులు ఏరు."

ఆ రోజు నుంచి గువ్వ కింద కూర్చుని సూదులు ఏరేది, కుట్టిన వాటికి పోగులు కత్తిరించేది. "మంచినీళ్లు తేవే" అనేవాడు దొర బల్ల మీంచి. "నాకూనూ" అనేది చిలక. అది పరుగెత్తేది.

ఒకరోజు కొలతలివ్వడానికొచ్చినావిడ గోడ మీది పట్టిక చూసి ముచ్చటపడిపోయింది. "ఎంత క్రమశిక్షణండీ! మీకు ఇద్దరు పిల్లలా?"

కోడలు నోట్లో సూదులున్నాయి. తల ఊపింది.

ఆవిడ గువ్వ చేతిలోంచి నీళ్ల గ్లాసు అందుకుని, "ఈ పనిపిల్ల ఎక్కడ దొరికిందండీ? భలే చురుగ్గా ఉంది" అంది.

"ఇంట్లోనే దొరికింది ఆంటీ!" అన్నాడు దొర.

చిలక కిసుక్కుమంది. కోడలు సూదులు తీసి చేతిలో పెట్టుకుని మరీ నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కదా అని గువ్వా నవ్వింది.